గెల లారీ ఎక్కింది... మనకేం మిగిలింది?

తెల్లవారుజామున నాలుగున్నర. రావులపాలెం అరటి మార్కెట్ యార్డు. ఊరింకా నిద్ర లేవలేదుగానీ యార్డులో మాత్రం తిరనాళ్లలా ఉంది. లంకల్లోంచి, కాలవ గట్ల మీంచి సైకిళ్లు బారులు తీరి వస్తున్నాయి. ఒక్కో సైకిలుకి అటూ ఇటూ గెలలు వేలాడదీసి కట్టారు. ఎక్కి తొక్కడానికి చోటెక్కడిది? హ్యాండిల్ పట్టుకుని మైళ్లకి మైళ్లు నడిపించుకు రావాల్సిందే. ఆటోలు, వ్యాన్లు ఎన్ని వచ్చినా ఈ సైకిళ్లు పోలేదు.

కర్పూరం, చక్కెరకేళి, ఎర్ర చక్కెరకేళి, అమృతపాణి, బుషావళి, కూర అరటికి బొంత... రకానికో వరస. బేరం కుదిరిన గెలలు లారీ ఎక్కుతాయి. ఒడిశా, బెంగాల్, బీహార్, చెన్నై, హైదరాబాదు... ఎక్కడెక్కడికో పోతాయి. పొద్దెక్కేసరికి యార్డు ఖాళీ. మిగిలేది ఎండుటాకులు, విరిగిన పళ్లు, తొక్కుడు పడ్డ అరటి పువ్వులు.

అవి ఊడుస్తూ ఒక పెద్దావిడ కనిపించింది. యార్డంతా వెతికితే నాకు కనిపించిన ఆడవాళ్లు నలుగురే. ఒకామె టీ అమ్ముతోంది, ముగ్గురు ఊడుస్తున్నారు.

"మీకు తోట ఉందా అమ్మా?" అనడిగాను.

"తోటలోనే పుట్టేనండి. తోటలోనే ముసలిదాన్నయిపోయేనండి. తోట మాత్రం మాది కాదండి, ఆయ్!" అని నవ్వేసి మళ్లీ చీపురు అందుకుంది.

నేను పుట్టి పెరిగింది కొత్తపేటకి దగ్గర్లోని ఒక లంక ఊరు. పెళ్లయి కాకినాడ వచ్చాను. "మీకేవమ్మా, కోనసీమ వాళ్లు! కొబ్బరి చెట్లు, అరటి తోటలు... కూచుని తిన్నా తరగదు" అని మా పక్కింటి పిన్నిగారు ఎప్పుడూ అంటుంటారు. సినిమాల్లో చూసి అందరూ అనుకునేది అదే కదా! ఆ మాట నిజమో కాదో ఒకసారి లెక్క తేల్చుకుందామనే రావులపాలెం నుంచి అంబాజీపేట దాకా, అక్కణ్ణించి అమలాపురం, రాజోలు దాకా తిరిగి వచ్చాను. ఆ లెక్కే ఇది.

ఏడాది పొడవునా పని

ముందుగా మంచి మాట చెప్పుకుందాం. తోట ఉన్న ఊరికి, తోట లేని ఊరికి తేడా ఉంది. ఆ తేడా పనిదినాల్లో ఉంది.

గౌతమి, వశిష్ట, వైనతేయ... ఈ పాయల మధ్య గోదావరి మేట వేసిన ఒండ్రు నేల మా కోనసీమ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవ నీళ్లు వచ్చాయి. పల్లపు నేలల్లో వరి, మెరక నేలల్లో కొబ్బరి, లంకల్లో అరటి స్థిరపడ్డాయి. వరిలో ఆడకూలీకి పని నాట్లప్పుడు, కలుపప్పుడు, కోతలప్పుడు. ఇప్పుడు కోతకి యంత్రాలొచ్చాయి. కలుపుకి మందులొచ్చాయి. చేతికి మిగిలింది నాట్లే. అదీ ఏడాదిలో కొద్ది రోజులు. పైగా వరి గిట్టుబాటు కావడం లేదని 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి పొలాలు బీడు పెట్టేశారు. దేశమంతా ఆశ్చర్యపోయి చూసింది. పేపర్లన్నీ రైతు కష్టం గురించి రాశాయి. రాయాల్సిందే. కానీ ఆ సార్వాలో నాట్లు లేక పస్తులున్న ఆడకూలీల గురించి ఎంతమంది రాశారు?

అదే తోట అయితే అలా ఒక్కసారిగా పని ఆగిపోదు. కొబ్బరి చెట్టు నెలకో గెల వేస్తుంది. రెండు నెలలకోసారి దింపు ఉంటుంది. ఎకరానికి ఎనిమిదేసి మీటర్ల ఎడంతో వేస్తే అరవై పైచిలుకు చెట్లు పడతాయి. ఆ చెట్ల మధ్య నీడలో అరటి, కంద, పసుపు, కోకో పెంచుతారు. పైన కొబ్బరి, మధ్యలో అరటి, కింద కంద... ఒకే నేలలో మూడంతస్తుల మేడ! ఒకదాని రేటు పడిపోతే ఇంకోటి ఆదుకుంటుంది. రైతుకి అదొక ధైర్యం. కూలికి వెళ్లేవాళ్లకి ఏ నెలకా నెల ఏదో ఒక పని దొరుకుతుంది.

ఇంతవరకూ మా పక్కింటి పిన్నిగారి మాట నిజమే. అయితే ఆ పని ఎవరికి, ఎంతకి అన్నది తర్వాతి ప్రశ్న.

గెల వెనక ఎన్ని చేతులు?

ఒక ఎకరం అరటి తోట తీసుకోండి. రెండు మీటర్ల ఎడంలో నాటితే వెయ్యి పిలకలు పడతాయి. గొయ్యి తియ్యాలి, పిలక నాటాలి, కలుపు తియ్యాలి, ఎరువు వెయ్యాలి, పక్క పిలకలు ఎప్పటికప్పుడు కోసెయ్యాలి, ఎండుటాకులు తీసెయ్యాలి. గెల వేశాక గాలికి పడిపోకుండా వెదురు గెడ ఊతం పెట్టాలి. దాదాపు ఏడాదికి గెల చేతికొస్తుంది. గెల కొయ్యాలి, మొయ్యాలి, యార్డుకి చేర్చాలి.

ఈ పనుల్లో ఏవి ఆడవాళ్లవో చూడండి. వంగి చేసేవన్నీ మనవే! కలుపు, ఎరువు, పిలకలు, ఆకులు. నిటారుగా నిలబడి చేసేవి... గెల కొయ్యడం, మొయ్యడం, లారీకెత్తడం, బేరమాడడం... ఇవన్నీ మగవాళ్లవి. కూలి రేటు కూడా ఆ లెక్కనే. "గెల బరువండి, అందుకే వాళ్లకెక్కువ" అంటారు. పొద్దుట ఏడింటినుంచి మధ్యాహ్నం దాకా నడుం ఎత్తకుండా కలుపు తియ్యడం బరువు కాదా? ఒకే పనికి ఆడా మగా తేడా లేకుండా కూలి ఇవ్వాలని సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. కానీ 'ఒకే పని' అయితే కదా! పనులే విడగొట్టేస్తే చట్టమేం చేస్తుంది?

ఊబలంక దారిలో ఒక తోటలో ముగ్గురు ఆడవాళ్లు ఆకులు కోస్తున్నారు. అందులో చిన్నావిడ, పాతికేళ్లుంటాయేమో, "మా ఆయనా నేనూ ఇదే తోటకి వస్తామండి. ఒకే టైముకి వస్తాం, ఒకే టైముకి పోతాం. ఆయనకిచ్చినదాంట్లో సగం మీద కాస్త చిల్లర నాకిస్తారండి. ఇంటికెళ్లాక వంట మాత్రం నాకే మొత్తం ఇచ్చేశారు!" అంది. పక్కనున్న ఇద్దరూ పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఇక లంకల్లో అరటి అంటే గోదావరితో జూదం. 2022 జూలైలో వరద వచ్చినప్పుడు లంకల్లో తోటలు నీట మునిగాయి. అరటికి నీళ్లు ఇష్టమేగానీ, మొదట్లో నీరు నాలుగు రోజులు నిలబడితే వేళ్లు కుళ్లిపోతాయి. గెల వేసిన తోట కూలబడిపోతే రైతుకి పెట్టుబడి పోతుంది. కూలి ఆడవాళ్లకి ఆ తోటలో మళ్లీ గెల పడేదాకా పని పోతుంది. నష్టపరిహారం జాబితాలో తోట ఉంటుంది. ఆ తోటలో కలుపు తీసిన చెయ్యి ఉండదు.

కాయ వాళ్లది, ఈనె మాది

అంబాజీపేట వెళితే కొబ్బరి వాసన గాలిలోనే తెలుస్తుంది. రాష్ట్రంలో పేరున్న కొబ్బరి మార్కెట్ అది. మా వైపు పేపర్లలో బంగారం రేటు పక్కనే కొబ్బరి రేటు వేస్తారు. కొత్త కొబ్బరి, కురిడీ, గండేరా, గటగట, నీటికాయ... బయటివాళ్లకి అదేదో మంత్రంలా ఉంటుంది.

కురిడీ అంటే ఏమిటో చాలామందికి తెలియదు. కాయని ఒలవకుండా అటక మీద నెలల తరబడి నిలవ ఉంచితే లోపల నీరు ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలేసి గుండుగా తయారవుతుంది. ఉత్తరాదిన పూజలకి, పెళ్లిళ్లకి అదే కావాలి. నీటికాయ కంటే దానికి ధర ఎక్కువ. అయితే ఎనిమిది నెలలో, ఏడాదో ఆగాలి. అటక ఉండాలి, ఆగగలిగే స్తోమత ఉండాలి. పిల్లాడి ఫీజు రేపే కట్టాల్సినవాళ్లు చెట్టు దిగిన కాయని దిగినట్టే అమ్మేస్తారు.

ప్రభుత్వం ఇచ్చే మద్దతు ధర సంగతీ అంతే. 2025 సీజనుకి మర కొబ్బరికి క్వింటాలు 11,582 రూపాయలు, గుండు కొబ్బరికి 12,100 రూపాయలు అని కేంద్రం ప్రకటించింది. 2014లో అవి 5,250, 5,500 ఉండేవి. పెరిగింది, సంతోషమే. కానీ ఆ ధర ఎండు కొబ్బరికి. పచ్చికాయకి కాదు. కాయ కొట్టి, ఎండబెట్టి, చిప్ప తీసి, బూజు పట్టకుండా నిలవ చేస్తేనే ఆ ధర అందుకోగలరు. అంటే ధర ఎక్కువయ్యేది చెట్టు మీద కాదు, పెరట్లో. పెరట్లో పని ఎవరిది? చెప్పక్కర్లేదుగా!

కొబ్బరి దింపు మగవాళ్ల పని. ఒలుపూ మగవాళ్లదే. కాయలు ఏరడం, కుప్ప వెయ్యడం, కొబ్బరి ఎండబెట్టడం, పీచు ఆరబెట్టడం, తాడు పెనడం మనవి. వీటన్నిటికంటే చిన్నదిగా కనిపించేది ఈనెలు తియ్యడం.

ఇక్కడ మా అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. మాకు సొంత తోట లేదు. ఎదురింటి మామ్మగారి తోటలో రాలిన మట్టలు ఏరుకోవడానికి అమ్మకి అనుమతి ఉండేది. ఒక్కో చెట్టు ఏడాదికి పన్నెండు మట్టల దాకా రాలుస్తుంది. ఎకరానికి ఏడొందల పైచిలుకు. ఒక్కో మట్టకి రెండొందల పైన ఈనెలు. అమ్మ మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద కూచుని, చాకుతో ఆకు చీల్చి ఈనె తీసి, కట్ట కట్టేది. చూపుడు వేలు ఎప్పుడూ పుండుగానే ఉండేది. వారానికోసారి ఒకాయన వచ్చి తూకం వేసుకుని పట్టుకుపోయేవాడు. ఆ డబ్బు నాన్నకి ఇచ్చేది కాదు. బియ్యం డబ్బా అడుగున దాచేది. నేను అమలాపురంలో చదువుకున్నది ఆ డబ్బుతోనే. నా డిగ్రీ సర్టిఫికెట్ మీద యూనివర్సిటీ ముద్ర ఉందిగానీ, నిజానికి దాని మీద ఉండాల్సింది మా అమ్మ వేలిముద్ర.

అమ్మకి కూలి డబ్బులూ వచ్చేవి. అవి ఇంట్లోకి వెళ్లిపోయేవి. కానీ 'నా డబ్బు' అని ఆవిడ అనుకున్నది ఈనెల డబ్బొక్కటే. మొన్న తిరిగినప్పుడు పదిమందిని అడిగాను. అందరూ అదే మాట. కూలి ఇంటిది. పెరట్లో, అరుగు మీద చేసుకున్నది తమది.

చెట్టు పడిపోయిన ఏడు

1996 నవంబరు 6 రాత్రి. మా తరం వాళ్లెవరూ మర్చిపోలేని రాత్రి. తుపాను గౌతమి మొగ దగ్గర భైరవపాలెం వైపు తీరం దాటింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. తెల్లారి చూస్తే కోనసీమలో ఆకాశం ఎక్కువైపోయినట్టు అనిపించింది. చెట్లు లేవు! నడుముకి విరిగినవి కొన్ని, వేళ్లతో పెకలించుకుని పడినవి కొన్ని. లక్షల చెట్లు.

అరటి పడిపోతే ఏడాదికి మళ్లీ గెల వస్తుంది. కొబ్బరి అలా కాదే! దేశవాళీ చెట్టు కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. కొబ్బరి వరి లాంటిది కాదని, అది కూతురి లాంటిదని మా ఊళ్లో ఒక పెద్దాయన అనేవాడు. పెంచిన కష్టం చూసినవాళ్లకే తెలుస్తుందిట. ఆ ఆరేడేళ్లూ దింపు లేదు, ఒలుపు లేదు, మట్ట లేదు, ఈనె లేదు. మా అమ్మ బియ్యం డబ్బా అడుగు ఖాళీ.

నాతో చదువుకున్న ఒక స్నేహితురాలు రెండేళ్ల బిడ్డని తల్లి దగ్గర వదిలేసి కువైట్ వెళ్లింది. అరబ్బుల ఇంట్లో వంటపనికి. కోనసీమ ఆడవాళ్లు గల్ఫ్ వెళ్లడం తుపానుకి ముందూ ఉంది, తర్వాతా ఉంది. రాజోలు, అమలాపురం వైపు ఏ ఊరికి వెళ్లినా కువైట్‌లోనో, మస్కట్‌లోనో, దోహాలోనో అమ్మ ఉన్న పిల్లలు కనిపిస్తారు. చుట్టూ పచ్చటి తోటలు. మధ్యలో గల్ఫ్ డబ్బుతో కట్టిన డాబా. అరుగు మీద మనవల్ని సాకుతున్న అమ్మమ్మ. చూడ్డానికి ఎంతో బాగుంటుంది. ఆ డాబా కోసం ఒక తల్లి ఎన్నేళ్లు బిడ్డ మొహం చూడలేదో బయటికి కనిపించదు.

మీకో సంగతి చెప్తాను. 2020 జనవరిలో అనంతపురం జిల్లా తాడిపత్రి నుంచి అరటిపళ్లతో ప్రత్యేక రైలు ముంబై రేవుకి వెళ్లింది. ఎండ కాసే రాయలసీమలో డ్రిప్ పెట్టి, గెలలకి కవర్లు తొడిగి, కడిగి, పెట్టెల్లో సర్ది, విదేశాలకి పంపించారు. ఆ కడగడం, సర్దడం, తూచడం... అదంతా పనే కదా! ఆ పేపరు చదువుతుంటే నాకొకటి తట్టింది. అక్కణ్ణించి అరటిపళ్లు సముద్రం దాటుతున్నాయి. మా కోనసీమ నుంచి ఆడవాళ్లు దాటుతున్నారు.

కాగితం మీద పేరెవరిది?

కోనసీమ తోటల్లో చాలావాటికి యజమానులు ఊళ్లో ఉండరు. కాకినాడలో, హైదరాబాదులో, అమెరికాలో ఉంటారు. తోట కౌలుకి ఇస్తారు. కౌలు మగవాడి పేరు మీద. యజమాని పాసుపుస్తకం మగవాడి పేరు మీద. బ్యాంకు అప్పు పాసుపుస్తకం మీద. పంట నష్టం డబ్బు బ్యాంకు ఖాతాలోకి. ఈ గొలుసులో ఆడదాని పేరు ఎక్కడుంది?

కౌలుదార్ల కోసం రాష్ట్రంలో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. దాని కింద పదకొండు నెలలకి కార్డు ఇచ్చారు. కానీ యజమాని సంతకం పెడితేనే కార్డు. "సంతకం పెడితే తోట మాది కాకుండా పోతుందేమో" అని యజమానికి భయం. "సంతకం అడిగితే తోటే ఇవ్వరేమో" అని కౌలుదారుకి భయం. ఈ రెండు భయాల మధ్య కార్డు లేకుండానే సాగు నడిచిపోతుంది.

రాజోలు దగ్గర భర్త పోయిన ఒకావిడ ఇద్దరు పిల్లలతో ఎకరంన్నర కొబ్బరి కౌలు చేస్తోంది. ఎరువు, దింపు కూలి, కౌలు... అన్నీ నోటిలెక్కన చెప్పేసింది. ఆశ్చర్యపోయాను. "ఇన్ని లెక్కలు చెప్తున్నారు, మార్కెట్టుకి మీరే వెళ్తారా?" అన్నాను. "లేదండి, మా మరిదిగారెళ్తారండి. ఆడదాన్ని నేనెళ్తే రేటు తగ్గిస్తారంటారు" అంది. ఒక క్షణం ఆగి, "ఒకసారి వెళ్లి చూడాలనుందండి. తగ్గిస్తే తగ్గించనీ. ఎంత తగ్గిస్తారో నా కళ్లతో చూస్తాను" అంది. ఆ మాట దగ్గర ఆమె గొంతు మారింది.

పని పండులో లేదు, పండు తర్వాత ఉంది

తిరిగి తిరిగి నాకర్థమైంది ఇది. తోట పెంచడంలో పని ఉంది, కానీ దానికొక హద్దుంది. ఎకరం తోటకి ఎంతమంది కావాలో అంతమందే కావాలి. పని పెరిగేది పండు చెట్టు దిగాక. కొబ్బరి కాయగానే పోతే ఊళ్లో మిగిలేది దింపు కూలి, ఒలుపు కూలి. అదే కొబ్బరి ఎండితే, నూనె అయితే, పొడి అయితే, లౌజు అయితే, పీచు తాడయితే, తాడు పట్టా అయితే... మెట్టు మెట్టుకీ ఒక జీతం. మనం పండు పంపించేస్తున్నాం. ఆ మెట్లన్నీ పండుతో పాటే లారీ ఎక్కి వెళ్లిపోతున్నాయి. ఊళ్లో ఆడవాళ్లకి దక్కాల్సిన పని ఇంకెవరి ఊళ్లోనో జరుగుతోంది.

పీచు సంగతే చూడండి. వెయ్యి కాయల డొక్కలకి సుమారు ఎనభై కిలోల పీచు వస్తుంది. పొట్టు అంతకంటే ఎక్కువే వస్తుంది. ఒకప్పుడు కాలవ గట్టున కుప్ప పోసి తగలబెట్టేవారు. ఇప్పుడా పొట్టుని ఇటుకల్లా అచ్చు పోసి నర్సరీలకి అమ్ముతున్నారు. పీచు బేళ్లు కట్టి పంపిస్తున్నారు. మన దేశం నుంచి చైనా పెద్ద ఎత్తున కొంటోంది. బేలు కట్టి పంపిస్తే బేలు ధర. ఊళ్లోనే తాడు పేనితే తాడు ధర. కాయిర్ బోర్డు 1994లో మహిళా కాయిర్ యోజన మొదలుపెట్టి, ఆడవాళ్లకి తాడు పేనడంలో శిక్షణ ఇచ్చి, మోటారు రాట్నాలు సబ్సిడీ మీద ఇచ్చింది. చేత్తో పేనే తల్లికి రోజుకి వచ్చే తాడు, మోటారు రాట్నం మీద కూతురికి గంటల్లో వస్తుంది. అయితే ఇది గులాబీల దారి అని చెప్పను. పీచు మిల్లులో దుమ్ము సంగతి చూశాను. ముక్కుకి చీర చెంగు కట్టుకుని పనిచేస్తున్నారు. మాస్కు అడిగితే "ఎందుకమ్మా, అలవాటేగా" అంటారట. దగ్గు కూడా అలవాటైపోతే ఎలా?

దింపు మగవాళ్ల పని అన్నాను కదా. అదీ రాసిపెట్టి లేదు! ఎక్కేవాళ్లు దొరకడం కష్టమైందని కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో యంత్రంతో చెట్టెక్కడం నేర్పే శిక్షణ మొదలుపెట్టింది. కేరళలో ఆడవాళ్లు కూడా నేర్చుకుని చెట్లెక్కారు. మన దగ్గర "ఆడది చెట్టెక్కడమేమిటి" అంటారు. ఎక్కితే దింపు కూలి వస్తుంది. ఎక్కకపోతే కింద కాయలు ఏరిన కూలి వస్తుంది. అంతే తేడా.

అంత దూరమెందుకు? కొత్తపేటకి దగ్గర్లోనే ఆత్రేయపురం ఉంది. అక్కడి పూతరేకులు పండుతో చేసినవి కావు, బియ్యప్పిండితో చేసినవి. కానీ పాఠం మాత్రం మనకి పనికొచ్చేదే. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి రేకు తీసే ఆ విద్య ఆడవాళ్ల చేతుల్లో తరతరాలుగా ఉంది. 2023లో ఆ పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరు ఇక ఆ ఊరిది. బియ్యం అమ్మి ఊరుకుంటే ఆత్రేయపురం పేరు ఎవరికి తెలిసేది? మరి చక్కెరకేళి పేరుకి, కోనసీమ కొబ్బరి పేరుకి ఏం చేసుకున్నాం?

అరటిలోనూ అంతే. దూట పెరుగు పచ్చడి, పువ్వు ఆవపెట్టిన కూర మన ఇళ్లల్లో ఎప్పటినుంచో ఉన్నవే. పట్నంలో ఇవాళ దూట, పువ్వు ఏరి కోరి కొనుక్కుంటున్నారు. లంకలో మాత్రం గెల కోశాక చెట్టుని నరికి గట్టున పారేస్తారు. ఆ బోదె నుంచి నార తీసి సంచులు, చాపలు చేస్తున్నారు. తిరుచిరాపల్లిలో 1993లో పెట్టిన జాతీయ అరటి పరిశోధన కేంద్రం ఇలాంటివాటి మీద పనిచేస్తోంది. మనకి గోదావరి అవతల కొవ్వూరులోనే అరటి పరిశోధన స్థానం ఉంది. అంబాజీపేటలో కొబ్బరి పరిశోధన స్థానం ఉంది. 'గోదావరి గంగ' లాంటి త్వరగా కాపుకొచ్చే హైబ్రిడ్ కొబ్బరి అక్కడ పుట్టినదే. తెల్లదోమ వచ్చి ఆకులు నల్లబడిపోతున్నప్పుడు మిత్ర పురుగుల్ని పెంచి ఇచ్చిందీ ఆ స్థానమే. వాటి గేటు లోపలికి వెళ్లిన ఆడరైతులు ఎంతమంది?

మీరు ఏం చేయొచ్చు?

తోట ఉన్న ఊరి సోదరీమణులకి అయిదు మాటలు:

* ఒక్కరుగా కాదు, గ్రూపుగా వెళ్లండి. ఇరవై కాయల కొబ్బరి ఒక్కరు ఎండబెడితే కొనేవాడు రాడు. పదిమందివి కలిపితే వాడే వెతుక్కుంటూ వస్తాడు. డ్వాక్రా గ్రూపు పొదుపుకి, అప్పుకి మాత్రమే కాదు, కలిపి అమ్మడానికి కూడా.

* తినే సరుకు చేస్తే ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. రిజిస్ట్రేషన్ చేయించండి. ప్యాకెట్ మీద చేసిన తేదీ, బరువు వెయ్యండి. అవి లేకపోతే పట్నం దుకాణంవాడు ముట్టుకోడు.

* రేటు ముందు తెలుసుకోండి. పేపర్లో గండేరా, గటగట రేటు వేస్తారు కదా. బంగారం రేటు చూసినట్టే అదీ చూడండి. మరిదిగారో, అన్నయ్యో వెళ్లి అమ్ముకొచ్చినా ఎంతకి అమ్మారో చీటీ అడగండి. అడగడం తప్పు కాదు.

* కౌలు ఇద్దరి కష్టమైతే కాగితం మీద ఇద్దరి పేర్లూ ఉండాలి. ముందు ఇంట్లో అడగండి. ఆ తర్వాత యజమానిని.

* పరిశోధన స్థానానికి వెళ్లండి. పిలక, మొక్క, పురుగు మందు... ఏది ఎంత వెయ్యాలో దుకాణం వాడు చెప్పేదానికంటే వాళ్లు చెప్పేది నయం. సలహాకి డబ్బు పుచ్చుకోరు.

పట్నంలో ఉన్న సోదరీమణులకి ఒక్కటే మాట. పీచు పరుపు, కాలు తుడుచుకునే పట్టా, ఈనెల చీపురు, కొబ్బరి లౌజు కొనేటప్పుడు అది ఎవరు చేశారో ఒకసారి అడగండి. మహిళా గ్రూపులవి దొరికితే, రూపాయి ఎక్కువైనా, అవే కొనండి. ప్లాస్టిక్ చీపురు కంటే నాలుగు రోజులు ఎక్కువే వస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు మా ఊరు వెళ్లాను. అమ్మ అరుగు మీదే కూచుని ఉంది. ఇప్పుడు చూపు ఆనడం లేదు. అయినా పక్కన రెండు మట్టలు, చేతిలో చాకు. "ఇంకా ఎందుకమ్మా ఇది? నేను పంపిస్తున్నానుగా" అన్నాను, కాస్త విసుగ్గానే.

"నువ్వు పంపేది నీ డబ్బే తల్లీ. ఇది నాది" అంది.

మర్నాడు బస్సెక్కుతుంటే ఒక చీపురు కట్ట చేతిలో పెట్టింది. కాకినాడ చేరాక మా పక్కింటి పిన్నిగారికి ఇచ్చాను. "అబ్బ, ఎంత బాగుందే! మీ కోనసీమ వాళ్లకేవమ్మా..." అని మొదలుపెట్టారావిడ. కూచోబెట్టి ఈ కథంతా చెప్పాను. మొత్తం విని, ఏమీ అనకుండా లోపలికెళ్లి డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టారు. "మీ అమ్మకి పంపించు. ఊరికే తీసుకోను" అన్నారు.

పంపించాను. బియ్యం డబ్బాలోనే దాచి ఉంటుంది.